ఉక్కపోత రాత్రుల్లో రెండు నెలల పాపను హాయిగా పడుకోబెట్టడం ఎలా?

ప్రశ్న: రాజోలు ప్రాంతం నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా పాపకు రెండు నెలలు నిండి పది రోజులయింది. కాన్పుకు పుట్టింటికి వచ్చి ఇంకా ఇక్కడే, రాజోలు దగ్గర ఒక పల్లెలో ఉన్నాను. కర్తరి మొదలైన దగ్గర నుంచి పాపకు రాత్రి నిద్ర లేదు, పాపతో పాటు ఇంట్లో ఎవరికీ లేదు. తొమ్మిదింటికి పాలు తాగి కళ్ళు మూసిన బిడ్డ పది కొట్టేసరికి మెడ వెనక, తల కింద గుడ్డ తడిసిపోయేటంత చెమట పట్టి, ఎర్రబడిన ముఖంతో ఏడుస్తూ లేస్తుంది. మెడ మడతల్లోనూ వీపు మీదా చెమటకాయలు కూడా లేచాయి.

మేము పడుకునేది డాబా మీది గదిలో. సీలింగ్ ఫ్యాన్ ఉంది. హైదరాబాదులో మా ఆడపడుచు ఇంట్లో కూలరు బాగా పనిచేస్తోందని విని మేమూ ఒకటి కొన్నాము. కానీ అది పెట్టిన అరగంటకే గది మరింత బరువెక్కినట్లయి, పక్కబట్టలు కూడా చెమ్మగిల్లుతున్నాయి. అక్కడ చల్లగా ఉన్న యంత్రం ఇక్కడ ఎందుకు ఇలా చేస్తుందో నాకు అర్థం కాలేదు.

మా మామ్మ గారు పాపకు తలకు టోపీ, కాళ్ళకు సాక్సు తీయనివ్వరు. పసిబిడ్డకు గాలి తగిలితే జలుబు చేస్తుందని, ఫ్యాను కూడా ఒకటి మీదే ఉంచాలని అంటారు. రెండు మడతల బొంత, దాని కింద రబ్బరు షీటు, తల కింద ఆవాల దిండు, స్నానం కాగానే సాంబ్రాణి ధూపం, ఇవన్నీ ఆవిడ ఎంతో ప్రేమతో చేయిస్తున్నవే. ఐదుగురు బిడ్డలను పెంచిన మనిషి మాటను తోసిపుచ్చడానికి నాకు మనసొప్పదు, పాప బాధను చూస్తూ ఊరుకోవడమూ నా వల్ల కావడం లేదు. పక్కింటి వారేమో దాహానికి ఏడుస్తుందని, రోజూ రెండు చెంచాలు కాచి చల్లార్చిన నీళ్ళు పట్టమంటున్నారు. ఎంత బట్ట వేయాలి, ఫ్యాను నేరుగా తగలవచ్చునా, నీళ్ళు పట్టవచ్చునా అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: భీమవరం వైపు నుంచి, పిల్లల వార్డులో పనిచేసిన నర్సు

అమ్మా, ముందుగా కూలరు సంగతి చెబుతాను, ఎందుకంటే మన డెల్టాలో పసిబిడ్డ పడే ఇబ్బంది అంతా అందులోనే ఉంది. కూలరు నడిచేది నీరు ఆవిరి కావడం మీద. పొడి గాలి తడిసిన గడ్డి పొరల గుండా వచ్చేటప్పుడు నీటిని తాగి చల్లబడుతుంది. హైదరాబాదు వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ అది చల్లదనాన్ని ఇస్తుంది. మన దగ్గర ఒక పక్క సముద్రం, చుట్టూ చేపల చెరువులు, కొబ్బరి తోటలు; గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. ఆ గాలికి ఇంకా నీరు తాగే చోటు లేదు, అందువల్ల కూలరు గదిని చల్లబరచకుండా చెమ్మను మాత్రం పెంచుతుంది. ఉక్కగా ఉన్న రోజున కుండలో నీరు కూడా అంతగా చల్లబడకపోవడం మీరు గమనించే ఉంటారు, కారణం ఒక్కటే. కాబట్టి ఉక్కపోత రాత్రుల్లో ఆ కూలరులో నీటి మోటారు ఆపివేసి, దానిని వట్టి ఫ్యానుగా వాడండి. పడమటి గాలి వీచి పెదవులు ఎండిపోయే రోజులు కొన్ని వస్తాయి. ఆ రోజుల్లో మాత్రం, ఒక కిటికీ తెరిచి ఉంచి, నీటితో నడిపితే ప్రయోజనం ఉంటుంది.

చెమట విషయంలోనూ జరిగేది ఇదే. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు, పట్టిన చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. పెద్దవాళ్ళకైతే ఆరకపోయినా లేచి బయటకు వెళ్ళి కూర్చునే వీలుంది. రెండు నెలల బిడ్డకు చెమట గ్రంథులు ఇంకా పూర్తిగా పనిలోకి రావు. బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి చుట్టూ ఉన్న వేడి త్వరగా ఒంటికి పడుతుంది. కప్పిన గుడ్డను తోసుకునే శక్తి లేదు. తన దగ్గరున్న దారి ఒకటే, ఏడవడం. మీ పాప పది గంటలకు లేచి ఏడుస్తున్నదంటే అది గారం కాదు, తనకు చేతనైన భాషలో చెబుతున్న మాట.

పసిబిడ్డ ఒంటి వేడి చాలా వరకు పోయేది తల నుంచి, ముఖం నుంచి. ఇంట్లో, అదీ నిద్రలో, టోపీ పెడితే ఆ దారిని మనమే మూసినట్లవుతుంది. పుట్టిన మొదటి గంటల్లో, ఒళ్ళు తడిగా ఉన్నప్పుడు, నెల తక్కువ పిల్లలకు టోపీ అవసరం, అందుకే ఆసుపత్రిలో పెడతారు. నెలలు నిండి పుట్టి, రెండు నెలలు దాటి, మే నెల రాత్రి పడుకున్న బిడ్డకు ఆ అవసరం లేదు. మామ్మ గారు పాప చేతులూ కాళ్ళూ పట్టుకుని చల్లగా ఉన్నాయని అనుకుంటూ ఉండవచ్చు. ఈ వయసులో రక్త ప్రసరణ ఇంకా కుదురుకోదు కనుక చేతులు, పాదాలు కొంచెం చల్లగా ఉండడం సహజమే. బిడ్డకు వేడిగా ఉందో చలిగా ఉందో తెలుసుకోవాలంటే మీ వేళ్ళను మెడ వెనక గాని, రొమ్ము మీద గాని ఆనించి చూడాలి. అక్కడ పొడిగా, గోరువెచ్చగా ఉంటే సరిపోయింది. తడిగా, కాలుతున్నట్లు ఉంటే ఒక బట్ట తీయాలి. ఈ ఒక్క పరీక్షను మీరు మామ్మ గారి చేతనే చేయించండి. వాదన కన్నా చేతికి తగిలిన తడి బాగా నచ్చచెబుతుంది.

బట్ట సంగతికి వస్తే, పలచని నూలు జుబ్బా ఒకటి చాలు. మరీ ఉక్కగా ఉన్నప్పుడు ఒట్టి గోచీతో పడుకోబెట్టినా తప్పు లేదు. పాత నూలు చీర చింపి కుట్టిన జుబ్బాకు మించినది ఏ అంగడిలోనూ దొరకదని నా నమ్మకం, ఎన్నో ఉతుకుల వల్ల అది అంత మెత్తబడి ఉంటుంది. రబ్బరు షీటు గాలిని రానివ్వదు, చెమటను పీల్చుకోదు. వీపు మీద చెమటకాయలకు సగం కారణం అదే అయి ఉంటుంది. దానిని తీసేసి, గట్టి పరుపు మీదో చాప మీదో దళసరి నూలు దుప్పటి ఒకటి బిగించి పరవండి, తడిసినప్పుడల్లా మార్చుకోవచ్చు. రాత్రంతా డైపరు ఉంచితే నడుము చుట్టూ వేడి చేరుతుంది, వేసవిలో వీలైనంత వరకు నూలు గోచీలే మంచివి.

ఆవాల దిండు తీసేయమని మాత్రం గట్టిగా చెబుతున్నాను. తల గుండ్రంగా వస్తుందని పెడతారు గాని, ఏడాది లోపు బిడ్డ తల కింద, పక్కన దిండ్లు, మెత్తటి బొంతలు, బొమ్మలు ఏవీ ఉండకూడదు. ముఖం వాటిలోకి ఒరిగితే ఊపిరి అందదు. పడుకోబెట్టేది ఎప్పుడూ వెల్లకిలానే. అమెరికాలో 1994లో బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ప్రచారం మొదలైన తరువాత, నిద్రలో కారణం తెలియకుండా పోయే శిశువుల సంఖ్య కొన్నేళ్ళలోనే దాదాపు సగానికి తగ్గింది. ఒళ్ళు అతిగా వేడెక్కడం కూడా అటువంటి మరణాలకు దోహదం చేస్తుందని వైద్యులు గుర్తించారు. అందుకే ఈ బట్టల సంగతిని నేను సుఖం కోసం చెప్పే మాటగా మాత్రమే చూడడం లేదు.

ఫ్యాను గాలి వల్ల జలుబు రాదు. జలుబు వైరస్ వల్ల, మనుషుల నుంచి వస్తుంది. పడుకున్న గదిలో ఫ్యాను తిరుగుతూ ఉండడానికీ, అటువంటి శిశు మరణాలు తక్కువగా ఉండడానికీ సంబంధం కనిపించిందని కాలిఫోర్నియాలో చేసిన ఒక పరిశీలనను 2008లో ప్రచురించారు. గది వెచ్చగా ఉన్నప్పుడు ఆ తేడా మరింత ఎక్కువగా కనిపించింది. అయితే గాలి ఒకే చోట, సూటిగా ముఖం మీద పడనక్కర లేదు. టేబుల్ ఫ్యానును అటూ ఇటూ తిరిగేటట్లు పెట్టి, బిడ్డకు ఐదారు అడుగుల దూరంలో ఉంచండి.

నీళ్ళు వద్దు. ఆరు నెలలు నిండే వరకు, ఎంత ఎండాకాలమైనా, తల్లిపాలు తప్ప ఒక్క చెంచా నీరు కూడా అక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తల్లిపాలలో నూటికి 87, 88 పాళ్ళు నీరే. నీళ్ళతో చిన్న పొట్ట నిండితే పాలు తగ్గుతాయి, నీరు శుభ్రంగా లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. వేసవిలో బిడ్డ తరచుగా, కొద్ది కొద్దిగా తాగుతుంది, అడిగినప్పుడల్లా ఇవ్వండి. నీళ్ళు ఎక్కువగా తాగవలసింది మీరు; మజ్జిగ, కొబ్బరి బోండాం నీళ్ళు మీకు మంచివి, బాలింతకు చలవ చేస్తాయని మానిపించనివ్వకండి. పాప రోజుకు ఆరు సార్లకు తగ్గకుండా గుడ్డ తడుపుతూ ఉంటే ఒంట్లో నీరు సరిపోతున్నట్లే.

సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య గోరువెచ్చని నీటితో ఒకసారి ఒళ్ళు కడిగి, మడతల్లో తడి లేకుండా అద్దండి. చెమటకాయల మీద పౌడరు చల్లకండి, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. చిక్కటి నూనె పట్టించినా అవి పెరుగుతాయి. చల్లగా, పొడిగా ఉంచితే రెండు మూడు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. సాంబ్రాణి పొగ, దోమల చుట్ట పొగ రెండూ పసి ఊపిరికి పడవు. ధూపం వేయాలని పెద్దవారికి ఉంటే, బిడ్డ లేని గదిలో వేసి, పొగ పోయాక తీసుకువెళ్ళవచ్చు.

జవాబు 2: అమలాపురం దగ్గర నుంచి, ఇళ్ళ కట్టుబడి పని చేయించే ఒక తండ్రి

నర్సు గారు చెప్పిన వాటికి నేను చేర్చగలిగినది గది గురించి. మా బాబు కూడా మే నెలలోనే పుట్టాడు, అప్పుడు నేను నా సొంత వృత్తిలో తెలిసిన సంగతిని నా ఇంట్లోనే ఆలస్యంగా పట్టించుకున్నాను.

అమ్మా, మీరు పడుకుంటున్నది మేడ గది అంటున్నారు. సిమెంటు స్లాబు పొద్దంతా ఎండను తాగుతుంది, ఆ వేడి నాలుగైదు అంగుళాల మందం దాటి లోపలి వైపుకు దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందువల్ల బయట చల్లబడుతున్న వేళకే, అంటే పొద్దుగూకిన దగ్గర నుంచి రాత్రి పది, పదకొండు వరకు, గది పైకప్పు బాగా కాలుతూ ఉంటుంది. మీ పాప పది గంటలకు లేవడం దీనితో సరిపోలుతున్నది. ఆ సమయంలో సీలింగ్ ఫ్యాన్ చేసే పని ఏమిటంటే, కప్పు కింద పేరుకున్న వేడి గాలిని తెచ్చి మంచం మీద పోయడం. ఈ నెల రోజులు పాపతో కింది గదిలోకి మారడం కన్నా మంచి మార్గం లేదు, ఖర్చు కూడా లేదు. పెద్దల కాలపు మండువా ఇళ్ళలో ఎత్తైన పెంకు కప్పు కింద వేడి పైకి పోయేది, పెంకుల సందుల్లోంచి బయటకు జారేది. స్లాబు వేశాక మనం ఆ సదుపాయాన్ని పోగొట్టుకున్నాము.

కింద చోటు లేకపోతే స్లాబు మీద పని చేయాలి. సున్నం రెండు మూడు పూతలు వేసి తెల్లగా చేస్తే ఎండ చాలా భాగం వెనక్కి పోతుంది, మే మొదటి వారంలో వేసుకున్నా ఆ వేసవికి పనికి వస్తుంది. కోనసీమలో కొబ్బరి మట్టలకు కొదవ లేదు కాబట్టి, వాటిని స్లాబుకు ఆనకుండా, ఇటుకల మీద వెదురు బద్దలు వేసి వాటి పైన పరిస్తే, మధ్యలో గాలి ఆడి నీడ ఇస్తుంది. తాటాకు చలవ పందిరి వేసే పని వారు ఉంటే మరీ మంచిది. నిప్పు భయం ఉంటుంది, వంటింటి పొగ గొట్టానికి దూరంగా వేయించండి.

కిటికీల విషయంలో గాలిని గమనించాలి. మన తీరంలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి దక్షిణం, ఆగ్నేయం వైపుల నుంచి వస్తుంది. అది వచ్చిన రోజున ఆ వైపు కిటికీ, దానికి ఎదురుగా తలుపు రెండూ తెరిస్తేనే గాలి ఇంట్లో నుంచి సాగుతుంది. ఒక్క వైపు తెరిస్తే లోపలికి రాదు. పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఒడ్డు దాటి రాలేదు, ఎండ 40 డిగ్రీలు దాటేది సాధారణంగా అటువంటి రోజుల్లోనే. అప్పుడు పగలు పడమటి కిటికీలు మూసి తెరలు వేసి, బయట చల్లబడ్డాకే తెరవాలి. గది గాలి మన ఒంటి కన్నా వేడిగా ఉన్నప్పుడు ఫ్యాను వేడి గాలినే విసురుతుందని మరువకండి, ఆ పూట బిడ్డను ఇంట్లో అన్నిటికన్నా చల్లని మూలకు, ఉత్తరం వైపు గదికో వసారాకో మార్చడమే దారి.

జవాబు 3: పాలకొల్లు నుంచి ఒక అమ్మమ్మ

తల్లీ, మీ మామ్మ గారి వయసు దాకా వచ్చినదాన్ని కనుక ఆవిడ తరఫున ఒక మాట. మా రోజుల్లో పురిటి గది కిటికీలు కూడా మూసేవారు, నేను నా ముగ్గురు పిల్లలనూ టోపీతోనే పెంచాను. మొదటి మనవరాలికీ అలాగే చేస్తుంటే, ఇంటికి వచ్చిన ఆశా కార్యకర్త థర్మామీటరు పెట్టి చూసింది. కాస్త వేడి ఉంది. నేను జ్వరమని కంగారు పడి ఇంకొక దుప్పటి తీయబోయాను. ఆ అమ్మాయి ఏమీ అనకుండా టోపీ తీసి, పొత్తిగుడ్డలు విప్పి, అరగంట వసారాలో పడుకోబెట్టి మళ్ళీ చూస్తే మామూలుకు వచ్చింది. ఆ అరగంట నేను బిడ్డ పక్కనే కూర్చుని ఎంత బాధపడ్డానో చెప్పలేను. మీ మామ్మ గారికి తప్పు చేశారని చెప్పకండి, చూపించండి, ఆవిడే మానేస్తారు.

చీర ఉయ్యాల గురించి మీరు అడగలేదు గాని చెబుతున్నాను. ఏడుపు మాన్పడానికి కాసేపు ఊపవచ్చు, రాత్రి నిద్రకు మాత్రం పనికిరాదు. గుడ్డ రెండు వైపులా మూసుకుపోయి గాలి ఆడదు, వీపు వంగి గడ్డం గుండెకు ఆనుకుంటుంది. నిద్ర పట్టగానే తీసి చదునైన పక్క మీద వేయండి. మీ పక్కలోనే వేసుకుంటే మీ ఒంటి వేడి కూడా బిడ్డకే తగులుతుంది, చేతికి అందే దూరంలో వేరే పక్క వేయడం మంచిది.

కాలువలు కట్టేశాక గుంటల్లో నీరు నిలిచి దోమలు పెరిగే కాలం ఇది, కాబట్టి దోమతెర తప్పదు. గొడుగులా మూసే చిన్న తెరల్లో కొన్నిటికి నేత మరీ దగ్గరగా ఉండి ఉక్క పోస్తుంది. నాలుగు మూలలా ఎత్తుగా కట్టే పెద్ద తెర తీసుకుని, ఫ్యానును తెర బయట పెట్టి, అంచులను చాప కిందకు దోపండి. కరెంటు పోయినప్పటి కోసం తాటాకు విసనకర్ర తలగడ దగ్గర ఉంచుకోండి. దానిని కొంచెం తడిపి విసిరే అలవాటు మా ఇంట్లో ఉండేది, ఉక్క రోజున తడపకుండా విసరడమే మేలు.

మళ్ళీ ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ నా కృతజ్ఞతలు. నాలుగు రోజులుగా కింది గదిలో చాప మీద దుప్పటి పరిచి, టోపీ, రబ్బరు షీటు, దిండు తీసేసి, దక్షిణపు కిటికీ తెరిచి పడుకుంటున్నాము. మొదటి రాత్రి మామ్మ గారు రెండు సార్లు లేచి పాప మెడ వెనక చెయ్యి పెట్టి చూశారు. మూడో రాత్రి టోపీని తానే మడిచి బీరువాలో పెట్టారు. పాప నిన్న పాలకు తప్ప లేవలేదు. చెమటకాయలు వీపు మీద వాడిపోయాయి, మెడ దగ్గర ఇంకా ఉన్నాయి.

రోహిణి కార్తె ఇంకా ముందుంది. కింది గదికి ఏసీ పెట్టిద్దామని మా వారు అంటున్నారు. ఇంత చిన్న బిడ్డకు అది వాడవచ్చునా? వాడితే ఎంతలో ఉంచాలి? ఏ పరిస్థితిలో వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలో కూడా చెప్పగలరు.

జవాబు 4: మొదట జవాబు ఇచ్చిన నర్సు

నిస్సందేహంగా వాడవచ్చు. ఏసీ మన ప్రాంతానికి మేలు చేసేది గాలిలోని నీటిని తీసివేయడం వల్ల; గొట్టం నుంచి బయట బొట్లు బొట్లుగా కారేది ఆ నీరే. అందుకే మరీ తక్కువకు దించనక్కర లేదు. 2020 నుంచి మన దేశంలో గదుల ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నియమం పెట్టారు; పసిబిడ్డకు 25, 26 డిగ్రీలు పెట్టి ఫ్యానును తక్కువ వేగంలో తిప్పితే సరిపోతుంది. గాలి సూటిగా పక్క మీద పడకుండా రెక్కలను పైకి తిప్పండి. ఏసీ గదిలో చేతులున్న పలచని జుబ్బా వేయండి, మెడ పరీక్ష అక్కడ కూడా అంతే. ఏసీ లోపలి జల్లెడను (ఫిల్టరును) రెండు వారాలకు ఒకసారి కడగండి. చల్లని గదిలో నుంచి ఎండలోకి ఒక్కసారిగా తీసుకురాకుండా, ముందు ఏసీ ఆపి తలుపు తెరిచి కొద్దిసేపు ఆగండి.

మూడు నెలల లోపు బిడ్డకు ఒంటి వేడి 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4, వస్తే ఇంటి వైద్యం చేయకుండా అదే పూట, రాత్రి అయినా సరే, ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. బట్టలు విప్పి చల్లని చోట ఉంచితే తగ్గినట్లు కనిపించినా డాక్టరుకు చూపించే తీరాలి, ఎందుకంటే ఈ వయసులో ఎండ వేడినీ జ్వరాన్నీ మనం కంటితో వేరు చేయలేము. పాలు పట్టకపోవడం, లేపినా మత్తుగా ఉండడం, ఊపిరి వేగంగా తీయడం, మాడు లోపలికి గుంటపడడం, ఆరు గంటలకు పైగా గుడ్డ తడపకపోవడం, ఒళ్ళు కాలుతున్నా చెమట పట్టకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోగా బట్టలు తీసి, మామూలు నీటిలో తడిపిన గుడ్డతో ఒళ్ళు తుడుస్తూ విసరండి, ఐసు నీళ్ళు వాడకండి, పాలు తాగగలిగితే ఇస్తూనే ఉండండి. మెడ మడతల్లో మిగిలిన చెమటకాయలకు చీము పట్టినట్లు పసుపు రంగు వస్తే అప్పుడు కూడా డాక్టరుకు చూపించండి. లేకపోతే పాలు తాగిన ప్రతిసారీ ఆ మడతను తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి, అక్కడ చెమటతో పాటు కారిన పాలు కూడా చేరుతూ ఉంటాయి.